ఎవరికి లాభం?

"లాభం మనకే. యాడైనా చెప్తా," అన్నాడు ఆదినారాయణ.

"ఏంది లాభం? బంగారమట్లాంటి యేసుదాసును గిద్దలూరోళ్ళ చేతిలో పెట్టి, ముక్కూమొహం తెలీనోణ్ణి తెచ్చుకుంటిమి. ఇదా లాభం?"

చేతిలో ఉన్న టీ గ్లాసును బల్ల మీద కొట్టినంత పని చేశాడు సుబ్బన్న.

మార్కాపురంలో బాస్కెట్‌బాల్ కోర్టు గేటుకు ఎదురుగా అతని టీ దుకాణం. ఈ సీజన్ మొదలైనప్పటి నుంచీ అక్కడ ఇదే గొడవ.

రెండు ఊళ్ళ క్లబ్బులూ ఆటగాళ్ళను మార్చుకున్నాయి. ఇక్కడి స్టార్ యేసుదాసు గిద్దలూరు జట్టుకు వెళ్ళాడు. అక్కడి ఆశీర్వాదం మార్కాపురం వచ్చాడు.

"ఆశీర్వాదం వచ్చినాక మనం ఓడిందెప్పుడు మామా? యేసుదాసు అక్కడ ఒక్క మ్యాచుకన్నా దిగలేదంట. మోసపోయింది వాళ్ళే," అన్నాడు ఆదినారాయణ.

"గెలిస్తే సరిపోయిందా? వాడు బాల్ అందుకుంటే నా గుండె ఎట్ల కొట్టుకునేదో నీకేం తెల్సు? మ్యాచ్ అయినాక ఈ బెంచీ మీద కూచొని టీ తాగేటోడు. సొంత తమ్ముడనుకున్నా. పోయేముందు ఒక్క మాటన్నా చెప్పినాడా?"

సుబ్బన్న బల్ల మీది ఖాళీ గ్లాసులు చప్పుడయ్యేలా ఏరాడు.

"తర్వాత ఫోన్ చేసినాడంటివి గదా?"

"ఎత్తలా. నంబరే బ్లాక్ చేసినా."

అప్పుడే ఒక పొడుగాటి మనిషి వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"సుబ్బన్నంటే ఎవరు నాయనా?"

"నేనే. ఏం కావాల?"

"గిద్దలూరు నుంచి వచ్చినా. యేసుదాసు గురించి..."

ఆదినారాయణ చప్పట్లు కొట్టి నవ్వాడు.

"చూసినావా మామా, గిద్దలూరు క్లబ్బోళ్ళు మనిషిని పంపినారు! ఏం పెద్దాయనా, వాడు పనికి రాడని మాకే తిరిగిస్తారా? ఆశీర్వాదాన్ని మళ్ళీ పిల్చుకపోతారా?"

బెంచీ మీదున్న వాళ్ళంతా నవ్వారు.

"అది కాదు నాయనా." ఆ మనిషి సుబ్బన్న వైపు తిరిగాడు. "వాడు నిన్ను..."

"వాని పేరు నా ముందర ఎత్తొద్దు!"

సుబ్బన్న కౌంటరు దాటి బయటికి వచ్చాడు.

"మీ ఊరోళ్ళు ఏం ఆశ చూపించినారో, తోకాడించుకుంటా మీ ఎంట పోయినాడు. ఇప్పుడు కాలో చెయ్యో ఇరగ్గొట్టుకొని ఉంటాడు. మా నెత్తిన పెట్టేదానికి వచ్చినారు. మాకొద్దు. మా లెక్కలో వాడు సచ్చిపోయినాడు."



ఆ మనిషి దుకాణం గుంజను పట్టుకున్నాడు.

"ఒక్కసారి వచ్చి చూసిపోతే బాగుంటాది నాయనా."

"చూసేదేం లేదు. పో పెద్దాయనా."

"సరేలే. నీకూ కడుపులో బాధ ఉన్నట్టుంది."

అంతే అన్నాడు. వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. మంచినీళ్ళు తాగుతావా అని కూడా ఎవరూ అడగలేదు.

మరునాడు తెల్లవారి సుబ్బన్న పొయ్యి మీద పాలు కాస్తుండగా ఆశీర్వాదం వచ్చాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"అన్నా, యేసుదాసు పోయినాడు."

"మళ్ళీ యాడికి?"

"సచ్చిపోయినాడన్నా. కిడ్నీలు రెండూ చెడిపోయినాయి."

సుబ్బన్న వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇక్కడ ఉన్నప్పుడే తెల్సు వానికి," ఆశీర్వాదం ఏడుస్తూ చెప్పాడు. "నేనింక ఆడలేను, నా జాగాలో నువ్వు పో, మార్కాపురం ఓడిపోకూడదు అని నా చేతులు పట్టుకున్నాడు. రెండు ఊళ్ళ పెద్దోళ్ళనూ బతిమాలి ఈ మార్పిడి చేయించింది వాడే. ముఖ్యంగా నీకు చెప్పొద్దన్నాడు. తట్టుకోలేవంట."

పొయ్యి మీద పాలు పొంగి మంటలో పడుతున్నా ఎవరూ దించలేదు.

గిద్దలూరు దగ్గర రాచర్ల దాటాక యేసుదాసు పల్లె. సుబ్బన్న, ఆదినారాయణ బస్సు దిగి ఆటోలో చేరేసరికి రేకుల ఇంటి ముందు పాస్టరుగారి ప్రార్థన నడుస్తోంది. పందిరి కింద పెట్టె. అందులో యేసుదాసు. ఆరడుగుల మనిషి ఎండుపుల్లలా అయిపోయాడు.

ఆదినారాయణ వాకిట్లోనే ఆగిపోయాడు.

యేసుదాసు తల్లి కృపావరం, సుబ్బన్న పేరు విని లేచి వచ్చింది. అతని రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చినావా నాయనా? నిన్ను చూడాలని ఒకటే కలవరించినాడు నా బిడ్డ. నిన్న ఆయన నీ కాడికి పోయొచ్చి, సుబ్బన్న ఎనకొచ్చే బస్సుకు వస్తాండాడని చెప్పినాడు. ఆ మాట నమ్మి ప్రాణం పోయేదాకా వాకిలి దిక్కే చూసినాడు పిల్లోడు. బస్సు దొరకలేదా నాయనా?"



"నిన్న వచ్చినాయన..." సుబ్బన్న అడిగాడు, "ఆయన ఎవరమ్మా?"

పెట్టె తలవైపు కూర్చొని, యేసుదాసు ముఖం మీద ఈగ వాలకుండా తువ్వాలుతో విసురుతున్న పొడుగాటి మనిషిని చూపించి ఆమె అంది.

"వాళ్ళ నాయన."