జర్మనీ పేషెంటు

"డాక్టర్ సాబ్ ఉన్నరా? ఒక పేషెంటు గురించి అడగాలె" అంది ఫోన్‌లో త్రివేణి.

జహీరాబాద్‌లో మేడ మీద ఉన్న తన క్లినిక్‌కు అప్పుడే మెట్లెక్కి వచ్చి, సోడా గ్లాసుతో కూర్చున్న బస్వరాజ్ ముఖం విప్పారింది. ముప్పై ఏళ్లుగా దగ్గులకూ జ్వరాలకూ మందిచ్చే ఆర్ఎంపీ ఆయన. పెద్ద పట్టా లేకపోయినా హస్తవాసి మంచిదని పేరు. జర్మనీలో చదువుతున్న కూతురు ఇలా పొద్దున్నే ఫోన్ చేయడం అరుదు.

"ఉన్నడు బిడ్డా. ఎవలకేమైంది?"

"నాకే అనుకో. పది దినాల సంది మెట్లెక్కితె ఛాతీల పట్టేసినట్లయితుంది. ఎడమ దవడ గుంజుతది. జరసేపు కూసుంటె తగ్గుతది. గ్యాసే కద?"

బస్వరాజ్ నుదుట చెమట పోసింది. ఇరవై మూడేళ్ల పిల్లకు ఇదేం రోగం?

"అక్కడ డాక్టరుకు చూపించినవా?"

"టైమేది? నువ్విచ్చిన మాత్రలున్నయి కద. ఏదన్న చెప్పు, వేసుకుంట."

ఆయన తన చెవులను నమ్మలేకపోయాడు. ప్రయాణమప్పుడు పెట్టె నిండా మాత్రలు సర్దితే సగం తీసి పక్కన పెట్టి, మిగిలినవాటికి పెద్ద దవాఖానలో చీటీ రాయించుకున్న పిల్ల ఇది. చీటీ లేని మందు విమానం ఎక్కొద్దని తండ్రికే పాఠం చెప్పింది. అక్కడ దిగిన వారంలోనే ఇన్సూరెన్స్ కార్డు తీసుకుని, హాస్టల్ దగ్గరి డాక్టరు వద్ద పేరు రాయించుకుంది. చలికాలంలో దవడపన్ను వాస్తే, ఇంకా సరిగ్గా రాని భాషలోనే అపాయింట్‌మెంట్ తీసుకుని పీకించుకుంది. అంతా అయ్యాకే ఇంటికి చెప్పింది. ఆ కథ చిరాగ్‌పల్లి నుంచి ఝరాసంగం దాకా వినని పేషెంటు లేడు. చెప్పిన ప్రతిసారీ ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగేది. అలాంటి పిల్ల ఇప్పుడు తన మాత్రలు అడుగుతోంది. దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు.

"నా మాత్రలు మోరీల పారెయ్!" అని అరిచాడు. ముప్పై ఏళ్లలో తన మందును తానే తిట్టుకోవడం ఇదే మొదటిసారి. "గది గ్యాస్ గాదు, గుండె. ఈసీజీ తీయాలె, రక్తం చూడాలె. ఇప్పుడే పో."

"వచ్చేవారం పోత బాపూ."

"వచ్చేవారం దాక ఉంటవని ఎవలు చెప్పిన్రు?" అనేసి నాలిక కరుచుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పులతోనే గుమ్మంలో నిలబడి వింటున్న భార్య అనంతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"పెద్ద డాక్టర్లు ఉత్తగనే పరీక్షలు రాస్తరని నువ్వే అంటవు కద?"

"అంట. నాది తప్పే. నీకంటె నాకు ఏదీ ఎక్కువ గాదు బిడ్డా, మొండికెయ్యకు."

"ఎట్ల పోను?"

"ఒక్కదానివి పోవద్దు. నడవొద్దు. తోడుకు ఎవలనన్న పిలిచి బండిల పో."

"పోకుంటె తప్పదంటవు?"

"తప్పదు. నా మీద ఒట్టు!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు త్రివేణి వెంటనే అందుకుంది.

"డాక్టర్ సాబ్ మాట కాదనొద్దు మరి. కింద మన పక్కింటి వీరేశన్న కారు ఆపిండు. అమ్మ చెయ్యి పట్టుకోని మెల్లగ దిగు."

"నాకెందుకే కారు?"

"అమ్మ నాకు అన్ని చెప్పింది. ఆ నొప్పి నాది గాదు బాపూ, నీది."