పెద్ద కడుపు ఫిల్టరు

కాశీకి సంచి సర్దుతోంది లోకేశ్వరి.

నాలుగు చీరలు, రెండు పంచెలు, నిమ్మకాయ ఊరగాయ, కందిపొడి. అక్కడ తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తామని మొక్కు. రాకపోకలతో కలిపి పద్నాలుగు రోజులు.

చేతులు సర్దుతున్నాయే గాని, చూపంతా హాల్లోని ఆరడుగుల చేపల తొట్టి మీదే ఉంది. నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి.

అయిదు ఆస్కారు చేపలు. బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చి సాకింది. ఇప్పుడు ఒక్కొక్కటి జానెడు. ఆమె గాజుల చప్పుడైతే చాలు, అద్దం దగ్గరికి వచ్చేస్తాయి.

ఆ రోజు రాలేదు. పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

"పద్నాలుగు దినాలు ఈ నీళ్ళల్లో బతకవు," అంది భర్తతో.

"అయితే నువ్వు ఈడే ఉండు. నీ వాటా పుణ్యం నేను మూట కట్టుకొస్తా," అన్నాడు మునిప్రసాద్.

"ఎగతాళి మాని చెప్పులేసుకో. తొట్టి బయట పెట్టే పెద్ద ఫిల్టరు కొనల్ల."

తిరుపతి ఎయిర్‌బైపాస్ రోడ్డు పక్కన చేపల అంగడి. యజమాని బాలచంద్ర బల్ల మీద మూడు ఫిల్టర్లు పెట్టాడు. మూడూ మూతపెట్టిన బక్కెట్లలా ఉన్నాయి. ఒక గొట్టం తొట్టిలోంచి నీళ్ళు లాగుతుంది, ఇంకొకటి వడకట్టిన నీళ్ళు పైకి పంపుతుంది.

"ఇది తీసుకో అక్కా. మోటారు మంచి జోరు."

"జోరుతో ఏం పని?" అంది మూలనుంచి ఒక గొంతు.

స్టూలు మీద బక్కపలచని ముసలాయన. మాసిన చొక్కా, మెడలో తువ్వాలు. అంగట్లో పనాయన కాబోలు అనుకుంది లోకేశ్వరి.

"తొట్టి ఎన్ని లీటర్లమ్మా?"

"నాలుగు నూర్లు."

"గంటకు నాలుగు తడవలు ఆ నీళ్ళు తిప్పితే సాలు. సూడాల్సింది దాని కడుపు. లోపల గుల్లరాళ్ళు ఎన్ని పడితే అంత మేలు. ఆ నల్లది తీసుకో. కడుపు పెద్దది, సద్దు సేయదు."

"చెంగయ్యా, నా బేరం చెడగొట్టేదానికే కూర్చుంటావా నువ్వు?" అని నవ్వాడు బాలచంద్ర.

చెంగయ్య వినిపించుకోలేదు.

"ఎన్ని దినాలు పోతా ఉండారు?"

"పద్నాలుగు," అన్నాడు మునిప్రసాద్.

"ఇంట్లో ఎవరుంటారు? తొట్టి వాకిలి పక్కనా, లోపలా? కరెంటు పోతే ఎవరన్నా వచ్చి సూస్తారా?"

లోకేశ్వరి ఆయన్ను ఎగాదిగా చూసింది. ఊరికి పోయేవాళ్ళను ఇవన్నీ అడిగేది ఎవరు?

"మా మరిది ఉంటాడు. పోలీసు," అంది గబుక్కున.

తమ్ముడే లేని మునిప్రసాద్‌కు పొలమారింది.

ఫిల్టరు బిగించడానికి వచ్చింది కూడా చెంగయ్యే. ఆయన గడప దాటకముందే ఆమె పడకగదికి తాళం వేసింది.

"పాత ఫిల్టరు స్పాంజి యాడమ్మా?"

"శుక్రవారం కదా. పూజసామాన్లతో పాటే తోమి, కొళాయి కింద కడిగి ఎండేసినా. వారం వారం అంతే."

చెంగయ్య తల పట్టుకున్నాడు.

"తల్లీ, ఆ జిడ్డులోనే ఉండాయి నీళ్ళను బాగుచేసే పురుగులు. కంటికి ఆనవు. కొళాయి నీళ్ళల్లో కలిపే మందుకు సస్తాయి. వారం వారం వాటి కాపురం కూలుస్తా, నీళ్ళు తెల్లగుండాయంటే ఎట్లా?"

ఆమె మొహం చిన్నబోయింది. "ఇప్పుడెట్లా?"

"కొత్త రాళ్ళల్లో అవి పుట్టేదానికి నెల పడతాది. మీకు నెల లేదు."

వెళ్ళిపోయి, గంటకు తిరిగొచ్చాడు. చేతిలో బక్కెట్టు, దాన్నిండా నీళ్ళలో మట్టిరంగు రాళ్ళు. లోకేశ్వరి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"యాడివి?"

"మా ఇంటివి. ఇంక ఆడ వాటికి పని లేదు."

ఒక్కొక్క రాయే ఫిల్టరు కడుపులో పేర్చాడు.

"పులికాట్‌లో ముప్పై ఏండ్లు వల లాగిన చేతులమ్మా ఇవి. కడాన ఈ పని నేర్చినాయి."

బిగించాక తొట్టి ముందు చతికిలపడి చాలాసేపు చూశాడు.

"మేత ఎవరేస్తారు?"

"నేనే. నేను లేనప్పుడు పక్కింటి కుప్పమ్మ."

"మాట్లాడతావా వాటితో?"

"ఎవరూ లేనప్పుడు," అంది సిగ్గుగా.

చెంగయ్య మొదటిసారి నవ్వాడు.

"ఇంకొక చేపకు చోటుండాదా తల్లీ, దీంట్లో?"

ఇదీ అంగడి బేరమే అనుకుంది. "ఉండేవే ఎక్కువ పెద్దాయనా. వద్దు."

"సరే తల్లీ."

ఖాళీ బక్కెట్టుతో వెళ్ళిపోయాడు. ఆమె పూజగదిలోకి పోయి, వెండి కుందులు ఉన్నాయో లేవో చూసుకుంది.

కాశీనుంచి రోజూ ఫోనే.

"కుప్పమ్మక్కా, తాళం బాగుండాదా?"

"మేత వేసేదానికి ఆ తాళం తీసేది నేనే కదే! చేపల్ని అడుగు ముందు. నీళ్ళు అద్దం మాదిరి అయినాయి. ఒకటే గంతులు."

తిరిగొచ్చిన మర్నాడే గంగ చెంబు పట్టుకుని అంగడికి పోయింది లోకేశ్వరి.

"మీ పనాయన యాడప్పా?"

"పనాయనా?" బాలచంద్ర తెల్లబోయాడు. "నా కాడ పనోళ్ళు యాడుండారక్కా? ఆయన నెల దినాలుగా వచ్చి కూర్చుండె. పెద్ద తొట్టికి ఫిల్టరు కొనేదానికి ఎవరొచ్చినా, అట్లా ప్రశ్నలేసి చూస్తా ఉండె."

"ఏం చూసేదానికి?"

అతను వెనకవైపు తొట్టి చూపించాడు. అందులో ఒంటరిగా, రంగు వెలిసిన ముసలి ఆస్కారు.

"పన్నెండేండ్లది. ఆయన సాకింది. ఎవరిల్లూ నచ్చలేదు ఆయనకు. మీది నచ్చిందన్నాడు."

లోకేశ్వరి గంగ చెంబు బల్ల మీద పెట్టింది.

"నన్ను అడిగినాడు. నేనే వద్దన్నా," అంది. "ఆయన్ను రమ్మనప్పా. ఆయన చేతుల మీదుగానే ఈ దినమే తీసుకుపోతా."

బాలచంద్ర తల వంచుకున్నాడు.

చేపకు ఇల్లు కుదరలేదని తన గుండె ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేయించుకున్న చెంగయ్య, ఫిబ్రవరి తొమ్మిదో తేదీ సోమవారం దాన్ని అంగట్లో వదిలి చెన్నై ఆసుపత్రికి పోయి, మళ్ళీ తిరుపతికి రాలేదు.