చక్రం మారితే ఖర్చెంత?

"ఖర్చు పెరుగుతుందని రాశావా? ఏంటమ్మా ఇది, కొంప ముంచుతావా?" చలపతిరావు గారు రిపోర్టును కావ్య ముందుకు గిరాటేశారు.

హైటెక్ సిటీలో, విదేశీ కంపెనీలకు కంప్యూటర్ మీద డిజైన్లు, లెక్కలు చేసిపెట్టే అద్దాల ఆఫీసు అది. లండన్ టైర్ల కంపెనీ ఒకటి రేసు కార్ల టైరు లోపలి చక్రాన్ని పదమూడు అంగుళాల నుంచి పద్దెనిమిదికి పెంచాలనుకుంటోంది. దానివల్ల టైరు తయారీ ఖర్చు పెరుగుతుందో లేదో తేల్చమంది. జవాబు నచ్చితే పెద్ద కాంట్రాక్టు వస్తుందని మేనేజరు చలపతిరావు గారి ఆశ. రాకపోతే ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ.

"పెరుగుతాది సార్," అంది అనంతపురం అమ్మాయి, ఇంజినీరు కావ్య. "చక్రం పెద్దదైతే టైరు పక్కగోడ పొట్టిదైపోతాది. టైరు పోసే అచ్చులు, రబ్బరు, ట్రాక్ మీద పరీక్షలు అన్నీ మళ్లీ మొదట్నించి చేసుకోవల్ల."

"ప్రోగ్రాంలో పదమూడు తీసెయ్, పద్దెనిమిది కొట్టు. దీనికి ఖర్చేంటమ్మా?"

చలపతిరావు గారికి టైరంటే తన మారుతి పంక్చరైనప్పుడు మాత్రమే గుర్తొచ్చే వస్తువు. కానీ క్లయింటంటే ఆయనకు బాగా తెలుసు. ఆఫీసులో కరెంటు పోయి కంప్యూటర్లన్నీ ఆరిపోయినా, ఫోన్లో క్లయింటు దొరగారికి "నో ప్రాబ్లమ్ సార్" అనే చెప్పారు. ఆ ఒక్క ముక్కతోనే మేనేజరయ్యారు మరి!

"క్లయింటుకి ఖర్చు మాట చెబితే పారిపోతాడు. మార్చి రాయి."

"తప్పుడు లెక్క నేను రాయలేను సార్. దానిమీద నా పేరు తీసెయ్యండి."

"పేరేం ఖర్మ, నిన్నే తీసేస్తున్నా. వెళ్లి బ్యాగు సర్దుకో!"

కావ్య రిపోర్టు వైపు చూసింది. కొత్త ఉద్యోగం, ఇల్లు నడిచేదే ఆ జీతంతో. అయినా రిపోర్టు ముట్టుకోలేదు.

అంతలో ఫోన్ మోగింది. లండన్! చలపతిరావు గారు చొక్కా సర్దుకుని, అందరూ వినాలని స్పీకరు నొక్కారు.

"చెప్పండి, చక్రం మారితే ఖర్చు పెరుగుతుందా?" దొర ఇంగ్లీషులో అడిగాడు.

"నో ప్రాబ్లమ్ సార్! పైసా పెరగదు. కొత్తగా చేయాల్సిన పనే లేదు. గ్యారంటీ!"

అవతల కాగితాల చప్పుడు.

"మీ నిజాయితీకి జోహార్లు! కొత్త టైరుకి చాలా డిజైను పని ఉంటుందనుకుని, రెండేళ్ల కాంట్రాక్టు మీ పేరునే రాసి సంతకానికి పెట్టాం. పనే లేదన్నారుగా, ఇప్పుడే చించేస్తున్నాం."