డాబా మీది దీపం

మూడోసారి కూడా స్విచ్చి వేయగానే టప్పుమని ఇల్లంతా కరెంటు పోయింది.

"డాబా మీది లైనేనమ్మా," అన్నాడు కరెంటు మేస్త్రీ, అందరూ ఉస్తా అని పిలిచే యదుల్లా, టెస్టర్ జేబులో పెట్టుకుంటూ. "చలికాలం కురిసిన వానంతా మట్టిగోడ తాగేసింది. లోపల తీగ ఎక్కడో గోడకి తగులుతోంది."

ఇంటి పెద్ద ఖుదామురాద్ అర్బాబ్ డాబా మెట్ల వంక చూశాడు. ఏటా చలి తగ్గగానే ఈ ఉస్తాకే కబురు పంపుతాడు. వచ్చాక మాత్రం అతని ముఖం చూడడు. పని చెప్పేది కూడా గోడ వంక చూస్తూనే. ఇరాన్‌లోని ఆ యజ్ద్ పాత వాడలో, ఆ సందులోనే, అగ్నిని కొలిచే తమ మతం వాళ్ళు ఇద్దరు కరెంటు పనివాళ్ళు ఉండగా ఊరి ఆ చివర నుంచి పరాయి మతం వాణ్ణి పిలవడమేమిటని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. ఈ ఇంటికి మొదట తీగలు లాగింది అతనే కాబట్టి అని కొందరు సర్దిచెబుతారు. ముసలాడి చాదస్తం అని మిగతావాళ్ళు తేల్చేశారు.

మిగతా పనంతా మధ్యాహ్నానికే అయిపోయింది. చలికాలమంతా బల్ల కింద పెట్టుకున్న హీటరు విప్పి అటకెక్కించాడు. ఎలుకలు కొరికిన తీగ మార్చాడు. కూలరు పంపుకి కనెక్షనిచ్చి నీళ్ళు పారేలా చూశాడు. ఆ దీపమొక్కటే మొండికేసింది.

కావలసింది కూడా అదే. ఈ సాయంత్రం నుంచి పంజె. ఏడాది చివరి ఐదు రోజులు. పోయినవాళ్ళు తమ ఇళ్ళు చూసుకోవడానికి వస్తారు. వాళ్ళ కోసం ఇల్లు కడగాలి, నూనెలో సిరోగ్ రొట్టెలు వేయించాలి, డాబా మీద దీపం పెట్టాలి. ఆ వెలుగు చూసే దారి పోల్చుకుంటారు.

కూతురు ఫరంగీస్ కూడా అలాగే వస్తుంది.

ఖుదామురాద్ కూతురికి నాలుగో రోజు కర్మ చేయించి ఆరేళ్ళయింది. వాడంతా వచ్చింది, ఏడ్చింది, భోంచేసి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు.

"లాంతరు పెడితే చాలదా నాయనా?" అంది ఫరంగీస్ తల్లి దౌలత్. తనే మళ్ళీ తల అడ్డంగా ఊపింది. "చాలదులే. మూడేళ్ళ కింద అదే చేశాను. ఆ రోజు కరెంటు లేదు. అది రాలేదు. తెల్లారి చూస్తే సందు మొగలో, తడి మట్టిలో అడుగులు. అక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్ళినవి. నా బిడ్డ అడుగులు నాకు తెలీవా?"

ఆమె తలగుడ్డ చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఊరుకో," ముసలాయన కసిరాడు. "పనివాడి ముందు ఏడుపులేంటి!"

యదుల్లా తీగ చుట్ట విప్పుతూ అడిగాడు. "మీకెప్పుడైనా కనపడిందా అర్బాబ్?"

ఆయన నేల మీది తీగ ముక్కని కాలితో పక్కకి నెట్టాడు.

"చప్పుడు విన్నాను," అన్నాడు. "మెట్ల మీద అడుగులు. వంటింట్లో గిన్నె మూత తీసిన చప్పుడు. నేను గోడవైపు తిరిగి పడుకుంటాను. పోయిన ఏడు మంచం దాకా వచ్చింది. దుప్పటి సర్దింది. చెయ్యి మెడకి తగిలింది. మంచులా ఉంది."

"తిరిగి చూడలేదా?"

"చూడకూడదు. అంతే." ఆయన గడప వైపు చెయ్యి చూపాడు. "నా గడప తొక్కొద్దని బతికున్నవాళ్ళకి చెప్పగలను. పంజెలో వచ్చేవాళ్ళని ఆపడానికి నేనెవర్ని?"

పొద్దు వాలింది. డాబా మీద చలిగాలి లేచింది. ఖాళీ గదుల్లో తలుపులు వాటంతటవే కిర్రుమంటున్నాయి. దౌలత్ ప్రతి చప్పుడుకీ వెనక్కి తిరిగి చూస్తోంది.

"పాత తీగని నమ్మడానికి లేదు. గోడ బయటినుంచి కొత్తది లాగుతాను," అన్నాడు యదుల్లా.

"గోడ తడిగా ఉంది. జారితే నడుం విరుగుతుంది. వదిలెయ్. వచ్చే ఏడు చూద్దాం."

"వదలను అర్బాబ్. ఇంకో ఏడాది ఆగడం ఎవరి వల్లవుతుంది?"

నిచ్చెన ఎక్కేశాడు. ముసలాయన గొణుక్కుంటూనే వెళ్ళి నిచ్చెన కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు. కొత్త తీగకి మేకులు దిగుతున్నాయి. మట్టి పెళ్ళలు ఆయన నెత్తిన రాలుతున్నాయి. దులుపుకోలేదు.

"మీ ఆవిడకి వేవిళ్ళు తగ్గాయా ఉస్తా?" కింద నుంచి అడిగింది దౌలత్.

"కాస్త నయమమ్మా. పుల్లదానిమ్మ కావాలని ప్రాణం తీస్తోంది."

"కబుర్లు చాల్లే. తీగ చూసుకో," అన్నాడు అర్బాబ్. ఈసారి గొంతులో కసురు లేదు.

చివరి ముడికి టేపు చుట్టి యదుల్లా కేకేశాడు. "వెయ్యమ్మా!"

దౌలత్ స్విచ్చి మీద చెయ్యి పెట్టింది. వేలు కదల్లేదు. మళ్ళీ ఆరిపోతే ఇక ఈ ఏటికి అంతే. కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కింది.

దీపం వెలిగింది. ఒకసారి రెపరెపలాడి నిలబడింది. పసుపు వెలుగు పిట్టగోడ దాటి సందు మొగ దాకా పరుచుకుంది. అక్కడ ఎవరూ లేరు. ముసలివాళ్ళిద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు.

"ఇక నువ్వు వెళ్ళు," అన్నాడు అర్బాబ్ గోడతో. "రావలసినవాళ్ళు రావాలి."

దౌలత్ నాలుగు వేడి సిరోగ్‌లు గుడ్డలో మూటకట్టి ఉస్తా చేతిలో పెట్టింది. ఆ చెయ్యిని ఒక క్షణం ఎక్కువసేపే పట్టుకుంది. అతను దారిలో ఎక్కడా ఆగకుండా మోటారుసైకిల్ తోలాడు.

ఇంటి ముందు బండి ఆపుతూనే యదుల్లా లోపలున్న భార్యను కేకేశాడు: "ఫరంగీస్, మీ నాన్న దీపం పెట్టించాడు, త్వరగా చాదరు కప్పుకో, నన్ను చేసుకుని చచ్చినదానివి కాబట్టి ఈ ఐదు రోజులే నీకు పుట్టింటికి దారి!"