ఈడుకు ముందే మీసం

"బయటికి రా! నీ డాక్టర్‌తనం మన్నువడ!"

చంద్రవ్వ కేకకు ఆరెంపీ డాక్టరు హనుమండ్లు సిరంజి చేత పట్టుకునే బస్టాండు పక్కనున్న తన దుకాణం గడప దాటి వచ్చాడు. ఆమె పక్కన కొడుకు ముత్యం తల వంచుకుని నిలబడి ఉన్నాడు. మెడ లావు, భుజాలు లావు, మూతి మీద గుబురు మీసం, ముఖం నిండా చీము పట్టిన మొటిమలు. ఎత్తు మాత్రం తల్లి భుజం దాటలేదు.

"నా కొడుక్కు ఏం సూదులు పొడిచినవ్‌రా?"

"బలం సూదులు. గట్టిగ తయారైండు గదా, ఇంకేం గావాలె?"

"బలమా! కరీంనగర్ల పెద్ద డాక్టరు ఎక్స్‌రే తీసి ఏమన్నడో ఎరుకేనా? నువ్వేసినయి హార్మోను సూదులట, ఎదిగే బొక్కల కొసలు గిప్పుడే మూసుకపోయినయట. ఇగ వీడు బెత్తెడు గూడ పెరగడట. కార్జం సుత ఖరాబైతుందట. పదిహేనేండ్ల పోరడు! ఈడొస్తె మీసం అదే రాదా? కాయను మాగవెడితె పండైతది, పిందెను మాగవెడితె కుళ్లుతది. గంత సోయి లేదా నీకు?"

బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చుట్టూ మూగారు. చంద్రవ్వ ఒళ్లు కుతకుత ఉడికిపోతోంది. ఉడకదా మరి! ఎదగాల్సిన పిల్లవాణ్ణి ఎదగకుండా చేసి, పైగా ఇంకేం కావాలని అడుగుతున్నాడు. కన్నకడుపు ఊరుకుంటుందా?

హనుమండ్లు మాత్రం జంకలేదు. ఆమెను దాటి, వెనకాల నిలబడ్డ ఆమె భర్త రాయమల్లు వైపు చూశాడు.

"రాయమల్లూ, నీ పెండ్లాన్ని జర తీస్కపో."

"పా పోదాం," రాయమల్లు ఆమె రెక్క పట్టుకున్నాడు. "నలుగుట్ల ఇజ్జత్ తీయకు."

"పోరని బతుకు ఆగమైతే నీకు ఇజ్జత్ ఫికరా?" రెక్క విదిలించుకుంది చంద్రవ్వ. "నువ్వు నోరు లేనోనివి, నేను గాదు. ఠాణకు పోతున్న. చాతనైతె ఎంబడి రా."

కొడుకు చెయ్యి పట్టుకుని బజారు మధ్య నుంచి నడిచింది. ఆమె వెనక రాయమల్లు, అతని వెనక హనుమండ్లు, వాళ్ల వెనక సగం బస్టాండు.

ఆమె చెప్పిందంతా విని ఎస్సై బల్ల మీద గుద్దాడు.

"ఒంటి ఎదుగుదల పూర్తిగాకముందే ఇసుంటి సూదులా? నీ దుకాణం మూయిస్త, హనుమండ్లూ!" కాగితం ముందుకు లాక్కున్నాడు. "పిలగాని వయసెంత?"

"ఇరవై రెండు సారూ," అన్నాడు వెనక నుంచి రాయమల్లు.

చంద్రవ్వ దిగ్గున తిరిగింది. "నీకేమన్న పిచ్చిలేసిందా?"

రాయమల్లు ఆమె చెవి దగ్గరికి వంగి గొణిగాడు. "నోరు మూస్కో. పాస్‌పోర్టుల అంతే రాయించిన. వీనికి దుబాయి వీసా అచ్చింది. పోరని లెక్క కనవడితె మెడికల్ పరీక్షల వాపస్ పంపుతరని ఏజెంటు అన్నడు. అందుకే హనుమండ్లుకు నేనే జెప్పి సూదులేయించిన. గిప్పుడు పదిహేను అంటివా, వీసా పోతది, నేను జైలుకు పోత."

చంద్రవ్వ మొగుని ముఖంలోకి చూసింది. ఇన్నాళ్లూ ఆ పిల్లవాణ్ణి సైకిలు మీద ఎక్కించుకుని దుకాణానికి తీసుకుపోయింది ఈయనేనా!

"ఏందమ్మా, ఎవరిది నిజం?" ఎస్సై పెన్ను ఆపాడు. "ఇరవై రెండేండ్లోడు తనంతట తాను సూదులు వేయించుకుంటే నువ్వు పెట్టే కేసు నిలవదు. ఆలోచించి చెప్పు."

హనుమండ్లు గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. రాయమల్లు కళ్లతోనే బతిమాలుతున్నాడు. ముత్యం మొదటిసారి తలెత్తి తల్లి ముఖంలోకి చూశాడు. అంత మీసం కింద వాడి పెదవి పసిపిల్లవాడి పెదవిలా వణుకుతోంది.

చంద్రవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పదిహేనే సారూ, రాసుకోండ్రి. ముందుగాల నా మొగని పేరు రాయిండ్రి, సూదులేసినోని పేరు దాని కింద రాయొచ్చు."