నల్లగా వచ్చిన తీగ

పెళ్లి ఫోటోలు తీసి తీసి విసిగిన ఫోటోగ్రాఫరు తన పాత కెమెరాను ఇన్‌ఫ్రారెడ్‌కి మార్పించుకొచ్చాడు. అందులో ఆకాశం నల్లగా, ఆకులు పాలనురుగులా తెల్లగా వస్తాయి.

"కంటికి కనిపించనిది చూడ్డమే కళ," అన్నాడు భార్యతో.

"కంటికి కనిపించే గ్యాస్ బండ ఖాళీ అయింది. ముందు అది చూడండి."

పార్కు ఫోటోలు చూపిస్తే, చెట్లకి సున్నమెవరు కొట్టారని అడిగింది. మొహం మైనంలా పాలిపోయి వచ్చిన తన ఫోటో చూసుకుని, "చచ్చాక ఎలా ఉంటానో ముందే చూపించారు, సంతోషం," అంది.

బాల్కనీ జోలికి మాత్రం రానివ్వలేదు. "లోకంలో చెట్లు కరువయ్యాయా? నా కుండీల మీదా మీ ప్రయోగాలు?"

ఓ సాయంత్రం ఆమె కూరగాయలకు వెళ్లగానే ఆయన బాల్కనీ ఫోటో తీశాడు. కుండీల్లో మొక్కలన్నీ తెల్లగా వచ్చాయి. పైన కొక్కేనికి వేలాడే తీగ ఒక్కటే బొగ్గులా ఉంది. అది ఆయన తల్లి తాను పోయేముందు నాటిన తీగ. రోజూ కింద నిలబడి దాన్ని ఓసారి చూశాకే ఆయన పనికి వెళ్లేవాడు.

ప్రాణమున్న ఏ ఆకూ ఈ కెమెరాలో అంత నల్లగా రాదు. ఆయన స్టూలెక్కి ఆకు పట్టుకు చూశాడు. అది ప్లాస్టిక్.

సంచీతో వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తయ్య పోయిన నెలకే ఎండిపోయింది," అంది మెల్లగా. "అప్పటికే మీరు అన్నం ముట్టడం మానేశారు."

ఆయన స్టూలు దిగి, ఆమె చూస్తుండగానే ఆ ఫోటో చెరిపేశాడు.

"సరిగ్గా రాలేదులే," అన్నాడు.

"ఏది వచ్చింది గనక," అంది ఆమె, సంచీ కింద పెడుతూ.