పుల్లయ్య గ్లాసు

“దీంట్లో పొయ్యమ్మా,” అంటూ పుల్లయ్య చేతిసంచిలోంచి స్టీలు గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు.

కప్పులో అప్పటికే పోసిన టీని భూలక్ష్మి ఆ గ్లాసులోకి వంచింది. ఆయన ఈ కోకాపేట ఆఫీసుకు ఎప్పుడొచ్చినా ఇదే వరస. ఇక్కడి కప్పు ముట్టడు, నీళ్లయినా తన గ్లాసులోనే తాగుతాడు. దాని గురించి అడిగే ధైర్యం ఆమెకు ఇంతవరకూ చాలలేదు. అవసరం ఆమెది మరి.

హెపటైటిస్-బికి మందు కనిపెట్టాలని ఏళ్ల తరబడి తిప్పలు పడుతున్న చిన్న కంపెనీ భూలక్ష్మిది. ఎలుకల మీద మందు బాగా పనిచేసింది. మనుషుల మీద పరీక్షించాలంటే దాన్ని పద్ధతిగా తయారుచేసే ఫ్యాక్టరీ కావాలి. ఆమె తట్టని తలుపు లేదు. చివరికి ఫ్లూ టీకాలు తయారుచేసే పుల్లయ్య ఒక్కడే ‘చూద్దాం’ అన్నాడు. ఆయనతో పొత్తు కుదరకపోతే ఈ నెలాఖరుకు ల్యాబుకు తాళమే.

కడప వైపు మనిషి. సైన్సు చదవలేదు గానీ వ్యాపారంలో తల పండింది. అలాంటివాడు లాభం సంగతి ఎత్తకుండా వింత ప్రశ్నలు వేస్తున్నాడు.

“పుట్టుకతో జబ్బొచ్చినోళ్లకు గూడా పనిచేస్తాదా?”

“ముఖ్యంగా వాళ్ల కోసమే సార్.”

“అరవై దాటినోళ్లకు?”

“ట్రయల్‌ల తేలాలె. చేస్తదనే నా నమ్మకం.”

“అయితే ఇంక నాకేం అనుమానాల్లేవు. కాగితాలు తెప్పించు తల్లీ, ఇప్పుడే సంతకం పెట్టేస్తా.”

భూలక్ష్మికి పోయిన ప్రాణం లేచొచ్చింది. మూల కూర్చుని నోట్సు రాసుకుంటున్న జూనియర్ రసజ్ఞ సంతోషం పట్టలేక లేచి, బల్ల మీది ఖాళీ గ్లాసు వైపు చెయ్యి చాచింది.

“ఇలా ఇవ్వండి సార్, కడిగి తెస్తాను.”

పుల్లయ్య చటుక్కున గ్లాసు లాక్కున్నాడు. “వద్దు పాపా, ముట్టుకోవద్దు! నేనే కడుక్కుంటా.”

రసజ్ఞ మొహం చిన్నబోయింది. భూలక్ష్మి మనసు చివుక్కుమంది.

తలుపు అవతల ప్రింటర్ దగ్గర కాగితాల కోసం ఇద్దరూ నిలబడ్డారు.

“మనది వైరస్‌తో పని కదా మేడమ్, భయపడుతున్నారేమోనండి,” అంది రసజ్ఞ.

“టీకాలమ్మే మనిషికి ఆ మాత్రం తెల్వదా? హెపటైటిస్-బి రక్తంతోని వస్తది, తల్లి నుంచి బిడ్డకు వస్తది. గ్లాసుతోని రాదు. ఇది జబ్బు భయం కాదు, కులం పట్టింపు.”

“అంత కచ్చితంగా ఎలా చెప్తారండీ?”

“మా నాయన గ్లాసు చూసిన కండ్లు ఇవి.”

వాళ్ల ఊరి చాయ్ హోటల్లో తండ్రి రాజయ్య గ్లాసు వేరుగా చూరులో ఉండేది. తాగి, కడిగి, మళ్లీ చూరులోనే పెట్టేవాడు. బిడ్డ చూస్తోందని తల వంచుకునేవాడు. ఆ ఊరు దాటి ఇంత దూరం వస్తే, ఆ గ్లాసు సంచిలో కూర్చుని లిఫ్టెక్కి మరీ వచ్చిందే అని భూలక్ష్మికి దుఃఖం ముంచుకొచ్చింది.

పుల్లయ్య చకచకా సంతకాలు చేసి కాగితాలు ఆమె ముందుకు జరిపాడు. భూలక్ష్మి కలం తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు.

“సార్, ఒక మాట. మా కప్పుల చాయ్ తాగలేని మనిషితోని నేను పొత్తు పెట్టుకోలేను. ల్యాబ్ మూతపడ్డా సరే.”

పుల్లయ్య తన గ్లాసును దగ్గరికి తీసుకున్నాడు.

“ఇది మా అమ్మ నుంచి వచ్చింది తల్లీ. పుట్టినప్పటి నుంచీ నాతోనే ఉండాది. అంత సులువుగా వదిలేది కాదు.”

అమ్మ నేర్పితే మాత్రం ఇంత వయసొచ్చాకా వదలరా అని ఆమెకు ఒళ్లు మండింది. కలానికి మూత పెట్టేసింది.

“అయితే మీ కాగితాలు మీరే తీసుకపోండి సార్.”

“ఉండు తల్లీ. బయట నువ్వు ఈ పాపకు చెప్పిందంతా విన్నాలే. గ్లాసుతో అంటదని డాక్టర్లు గూడా చెప్పినారు. ఈ మనసే ఒప్పలేదు. మందు చేసేదానివి, నువ్వు చెప్తే నమ్మకుండా ఎట్లుంటా?” స్టీలు గ్లాసును సంచిలో పడేశాడు. “మీ కప్పులోనే పొయ్యి.”

భూలక్ష్మి పోసింది. ఆయన రెండు చేతులా కప్పు పట్టుకుని, పండగ పాయసంలా చప్పరిస్తూ తాగాడు.

అమ్మయ్య! కులం కాదు, ఉత్త భయమే. రసజ్ఞ అన్నదే నిజం. గుండెల మీది బరువంతా దిగిపోయి, భూలక్ష్మి నవ్వుతూ అన్ని పేజీల మీదా సంతకాలు చేసేసింది.

“మా ల్యాబ్‌ల జాగ్రత్తలు గట్టిగుంటయి సార్. మా నుంచి మీకేం అంటదు. ఇన్ని రోజులు ఊకెనే పరేషానైన్రు.”

పుల్లయ్య ఖాళీ కప్పు బల్ల మీద పెట్టి, తడిసిన కళ్లు తుడుచుకున్నాడు.

“మీ నుంచి నాకు కాదు తల్లీ, నా నుంచి మీకు.”